గొంతు ఎంత పెద్దదని కాదు, బీట్‌తో ఏం చేస్తోందని వినాలి

1978లో అమెరికా గాయని గ్లోరియా గేనర్ కొత్త సింగిల్ ఒకటి వచ్చింది. అప్పట్లో సింగిల్ అంటే రెండు వైపులా చెరో పాట ఉన్న రికార్డు. కంపెనీ ఆశలన్నీ ముందు వైపు ఉన్న 'సబ్‌స్టిట్యూట్' మీదే. వెనక వైపు కూడా ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ఇంకో పాట వేశారు. ఆ ఇంకో పాటే 'ఐ విల్ సర్వైవ్'. క్లబ్బుల్లో డీజేలు రికార్డుని తిప్పి వేయడం మొదలుపెట్టారు, జనం ఆడారు, రేడియో వాళ్లు కూడా దారికొచ్చారు. 1979 మార్చికల్లా అది అమెరికా చార్టులో 1వ స్థానంలో ఉంది. 1980లో గ్రామీ వాళ్లు డిస్కో కోసం ప్రత్యేకంగా ఒక అవార్డు పెడితే అది కూడా ఈ పాటకే వచ్చింది. ఆ అవార్డు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు, ఆ ఒక్క ఏడాదితోనే ఎత్తేశారు.

పాటలు ఎంచడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు ఇంతగా పొరబడ్డారంటే వాళ్లకి సంగీతం తెలియదని కాదు. డాన్స్ పాటని కుర్చీలో కూర్చుని వింటే సగమే వినపడుతుంది, అదీ సంగతి. ఇప్పుడు కూడా పేరున్న గాయని కొత్త సింగిల్ వదిలిన గంటలోపు వచ్చే తీర్పులు ఎక్కువగా ఈ సగం వినికిడితో ఇచ్చేవే. హై నోట్ ఏదీ, లిరిక్స్‌లో ఏముంది, గొంతు చూపించే చోటే లేదు, పోయిన పాట అంత లేదు. ఇవన్నీ వేరే రకం పాటకి పెట్టాల్సిన పరీక్షలు. నెమ్మదిగా సాగే ప్రేమ పాటలో గొంతే అన్నీ, వాయిద్యాలు పక్కకి తప్పుకుని దానికి దారి ఇస్తాయి. డాన్స్ పాటలో అలా కాదు, గొంతు కూడా లయలో ఒక భాగం, కొన్నిసార్లు అది కూడా ఒక డ్రమ్మే. కాబట్టి అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒక్కటి: ఈ గొంతు ఈ బీట్‌తో ఏం చేస్తోంది?

డిస్కో పాటల్లో, దాన్నుంచే పుట్టిన హౌస్ అనే క్లబ్బు పాటల్లో చాలావాటికి ఆధారం ఒకటే, నాలుగు దెబ్బల తాళం, ప్రతి దెబ్బకీ ఒక కిక్ డ్రమ్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్. వేగం నిమిషానికి 120 దెబ్బల చుట్టూ ఉంటుంది, అంటే అర సెకనుకి ఒక దెబ్బ, చురుగ్గా నడిచే మనిషి అడుగుల వేగానికి దగ్గరగా. అందుకే బుర్ర ఇంకా తేల్చుకోకముందే కాలు కదిలిపోతుంది. ఈ దెబ్బ మారదు కాబట్టి తర్వాతది ఎక్కడ పడుతుందో వినేవాళ్లకి ముందే తెలుసు. ఆ తెలిసినదాని మీద గొంతు ఎలా ఆడుకుంటుందన్నదే అసలు విద్య. మాట సరిగ్గా దెబ్బ మీద పడితే ఆజ్ఞలా ఉంటుంది. వెంట్రుకవాసి వెనక పడితే ఒయ్యారం, బద్ధకం, ఇష్టం ఉండీ లేనట్టు నటించడం. కాస్త ముందు పడితే ఆత్రం. అసలు దెబ్బలనే పట్టించుకోకుండా పైన తేలిపోతే అది పూర్తిగా ఇంకో లోకం. ఒకే ట్యూన్, ఒకే మాటలు, పడే చోటు మారితే పాట అర్థమే మారిపోతుంది.

తేలిపోవడం అంటే ఏంటో తెలియాలంటే డోనా సమ్మర్ 1977లో పాడిన 'ఐ ఫీల్ లవ్' వినాలి. మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ తయారుచేసిన ఆ ట్రాక్‌లో మనిషి వాయించింది కిక్ డ్రమ్ ఒక్కటే, మిగతాదంతా దాదాపు మోగ్ అనే సింథసైజర్ (శబ్దాలని కరెంటుతో పుట్టించే వాయిద్యం) పనే. బేస్ ఎక్కడా ఆగకుండా దౌడు తీస్తూ ఉంటుంది, ప్రతి స్వరానికీ వెంటనే దాని ప్రతిధ్వనిని తగిలించడంతో ఆ దౌడు రెట్టింపు వేగంగా వినపడుతుంది. దాని మీద ఆమె పాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కో అక్షరాన్ని సాగదీసి, బరువు తీసేసి, ఆవిరిలా పైకి వదిలింది. చర్చి పాటలు పాడుతూ పెరిగిన గొంతు అది, గట్టిగా పాడడం చేతకాక కాదు. కింద యంత్రం అంత పట్టుగా నడుస్తుంటే పైన గొంతు కూడా అదే పట్టుతో వస్తే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆమె పక్కకి జరిగింది, అందుకే రెండూ పూర్తిగా వినపడతాయి. గొంతు ఎంత ఎత్తుకి వెళ్లింది, ఎంతసేపు నిలబడింది అని మార్కులు వేసుకుంటూ పోతే ఈ పాటకి పాస్ మార్కులు కూడా రావేమో. కానీ ఆ తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంలో దీని నీడ పడని చోటు వెతకడం కష్టం.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది కైలీ మినోగ్ 2001 పాట 'కాంట్ గెట్ యూ అవుట్ ఆఫ్ మై హెడ్'. ఇక్కడ గొంతు తేలదు, తెగుతుంది. మాటలన్నీ చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కా బీట్ మధ్య ఖాళీలో సరిగ్గా ఇమిడిపోతుంది. 'లా లా లా' అనే హుక్, అంటే చెవిని పట్టేసే ముక్క, ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత ఏది పల్లవి, ఏది చరణం అని తేల్చుకునే అవసరమే రాదు, పాట గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. తలలోంచి పోని ఒక ఆలోచన గురించి రాసిన పాట ఇలా తిరగడమే న్యాయం. కైలీది పలుచని గొంతు అని చాలామంది చాలా ఏళ్లుగా అంటూనే ఉన్నారు. పలుచనిదే, కాదనక్కర్లేదు. కానీ ఈ పాటకి అంతకంటే సరైన గొంతు ఊహించుకోవడం కష్టం, ఎందుకంటే బరువైన గొంతు ఏదైనా ఆ ఖాళీల్లో పట్టదు, అంచులు దాటి పొంగిపోతుంది. అది బ్రిటన్‌లో 1వ స్థానానికి వెళ్లింది. గొంతు పలుచన అనేది ఒక వర్ణన. దాన్ని లోపంగా లెక్కపెట్టేముందు ఆ పాట ఏం అడిగిందో చూడాలి.

పెద్ద గొంతుకి డాన్స్ పాటలో చోటు లేదని కాదు. ఎంతో ఉంది, పైగా దాని విషయంలోనే పెద్ద అన్యాయం జరిగింది. 1990లో వచ్చిన సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ పాట 'గాన మేక్ యూ స్వెట్'లో అందరినీ లేచి ఆడమని పిలిచే ఆ కేక మార్తా వాష్‌ది. వీడియోలో మాత్రం వేరే అమ్మాయి పెదవులు కదిపింది. సన్నగా, కెమెరాకి నచ్చేలా ఉన్న ముఖం ఒకరిది, పాటని నిలబెట్టిన గొంతు ఇంకొకరిది. మార్తా వాష్ కోర్టుకి వెళ్లింది, చివరికి ఆ గొంతు ఆమెదని వీడియోలో చెప్పాల్సి వచ్చింది. ఆ కేకని శ్రద్ధగా వింటే ఒకటి తెలుస్తుంది. అంత శక్తి ఉన్న గొంతు కూడా అక్కడ పొడవుగా సాగదు, గమకాలు తిప్పదు. స్నేర్ డ్రమ్ దెబ్బలా వచ్చి కొట్టి ఆగిపోతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడం వల్లే అది అంత బలంగా తగులుతుంది. కొత్త పాటలో పెద్ద గొంతు వినపడితే అది ఎంత ఎత్తుకి వెళ్లిందని లెక్కలు తీసేకంటే ఎక్కడ ఆగిందో చూస్తే ఎక్కువ అర్థమవుతుంది.

ఇక ఎక్కడ వింటున్నారు అన్నది. ఫోన్ స్పీకర్లో కొత్త డాన్స్ సింగిల్ విని తీర్పు చెప్పడం సగం బొమ్మని చేత్తో మూసి బొమ్మ బాగోలేదనడమే. ఆ చిన్న స్పీకర్లు లోతైన బేస్ పలకలేవు, కిక్ డ్రమ్ కూడా అందులో టిక్కు టిక్కుమంటుంది. దువా లిపా 2019లో వదిలిన 'డోంట్ స్టార్ట్ నౌ' లాంటి పాటలో బేస్ గిటారే సగం కథ నడుపుతుంది, ఆమె మంద్ర స్వరం ఆ బేస్‌కి దగ్గరగా, దాదాపు దాని భుజం మీద చెయ్యి వేసినట్టు వెళుతుంది. బేస్ తీసేస్తే ఆమె ఉదాసీనంగా పాడుతున్నట్టు అనిపిస్తుంది. బేస్‌తో కలిపి వింటే అది పాత ప్రేమికుణ్ణి దాటి వచ్చేసిన మనిషి ధీమా. మంచి ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి, గదిలో స్పీకర్ మీద గట్టిగా ఒకసారి, ఏదో పని చేసుకుంటూ ఒకసారి, నడుస్తూ ఒకసారి. ఇన్ని రకాలుగా విన్నాక కూడా పాట కదలకపోతే అప్పుడు బాగోలేదని ధైర్యంగా అనొచ్చు.

మొదటిసారి విన్నప్పుడు కలిగే అభిప్రాయాన్ని ఎంత నమ్మాలి? కొంతే. పదే పదే ఎదురైన దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాంక్ 1968లోనే చూపించాడు. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. నచ్చని పాట పది సార్లు చెవిన పడితే నచ్చేయొచ్చు, అది పాట గొప్పతనం కాకపోవచ్చు, అలవాటే కావచ్చు. అందుకని ఎన్నిసార్లు విన్నాక నచ్చిందన్నది పక్కన పెట్టి, మళ్లీ విన్నప్పుడు కొత్తగా ఏమైనా దొరికిందా అని చూసుకోవాలి. మూడోసారి వింటున్నప్పుడు వెనకెక్కడో ఆమే పాడిన రెండో గొంతు వినపడిందా? రెండో చరణంలో అదే ట్యూన్‌ని కొంచెం వెనక్కి లాగి పాడిందని పట్టుబడిందా? అలాంటివి దొరికితే పాటలో సరుకు ఉన్నట్టు. ఏమీ దొరక్కుండా కేవలం నోట్లో నానుతోందంటే, అది కూడా ఒక గుణమే, కానీ చిన్న గుణం.

మొదటి వినికిడిని పాడుచేసేవి ఇంకా ఉన్నాయి. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారమే విడుదలవుతున్నాయి, కాబట్టి అభిమానులు, విమర్శకులు, వ్యతిరేకులు అందరూ ఒకే గంటలో ఒకే చోట అరుస్తారు. ఆ గోలలో సొంత చెవి వినపడదు. మరొకటి, స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే దాన్ని ఒక స్ట్రీమ్‌గా లెక్కపెడతారు. దాంతో వినేవాళ్లని ఆ 30 సెకన్లూ పట్టి ఉంచాలని పాటలు తయారుచేసేవాళ్ల మీద ఒత్తిడి ఉంటుంది, హుక్‌ని ముందుకి లాగేస్తారు, పాట చిన్నదైపోతుంది. ఇలాంటి సింగిల్‌ని చూడాల్సింది మొదటి అర నిమిషంలో కాదు, రెండో నిమిషంలో. మొదట్లోనే అన్నీ పరిచేశాక చెప్పడానికి ఇంకేమైనా మిగిలిందా? చివరి కోరస్ మొదటి కోరస్ కాపీ పేస్టేనా, లేక అక్కడికి వచ్చేసరికి ఆ గొంతులో ఏదైనా జరిగిందా? 'ఐ విల్ సర్వైవ్' మొదట్లో బీట్ ఉండదు. పియానో జల్లు, ఆ తర్వాత తాళం లేకుండా భయపడుతున్న గొంతు, ఆ పైన డ్రమ్స్. ఆ మనిషి నిలదొక్కుకోవడం బీట్ రావడంతోనే వినపడుతుంది. ఇప్పటి పాటలకి అలా ఆగే ఓపిక ఇవ్వట్లేదన్నది నిజంగా బాధ కలిగించే విషయం.

లిరిక్స్ సంగతికొస్తే, డాన్స్ పాటలో మాటలు తక్కువుంటే తప్పు కాదు. బీట్ చెప్పేదానికి, మాట చెప్పేదానికి మధ్య ఏం ఉందన్నదే చూడాలి. స్వీడన్ గాయని రాబిన్ 2010లో పాడిన 'డాన్సింగ్ ఆన్ మై ఓన్' విషయం చాలా చిన్నది: క్లబ్బులో తను ప్రేమించినవాడు ఇంకో అమ్మాయితో ఉంటే ఒక మూల నుంచి చూస్తూ ఒంటరిగా ఆడుతున్న మనిషి. మాటలు మామూలువే. కానీ కింద సింథ్ బిగుసుకుపోయిన దవడలా గట్టిగా, ఏకధాటిగా కొట్టుకుంటూ ఉంటుంది, పైన ఆమె ఏడవదు, నిటారుగా నిలబడి పాడుతుంది. బాధ మాటల్లో ఉంది, పరువు బీట్‌లో ఉంది. గొంతు ఆ రెండిటి మధ్య నలిగిపోతోంది. అదే ట్యూన్‌ని పియానో మీద నెమ్మదిగా పాడితే వట్టి దుఃఖం మిగులుతుంది, ఆడుతూ ఉండక తప్పని ఆ మొండితనం పోతుంది. విడుదలైనప్పుడు బ్రిటన్‌లో ఆ పాట 8వ స్థానం దాటలేదు. 2021లో రోలింగ్ స్టోన్ పత్రిక అన్ని కాలాల 500 గొప్ప పాటల జాబితా వేస్తే 20వ స్థానంలో ఉంది. మొదటి వారం చార్టు చూసి పాట విలువ కట్టేవాళ్లు ఈ రెండు అంకెలని పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చార్టుల వల్ల తెలిసేది లేదని కాదు. ఎంతమంది విన్నారో, ఎంతమంది కొన్నారో తెలుస్తుంది, అంతే. లేడీ గాగా మొదటి సింగిల్ 'జస్ట్ డాన్స్' 2008 ఏప్రిల్‌లో వచ్చి, అమెరికాలో 1వ స్థానానికి 2009 జనవరిలో చేరింది. ఇప్పుడైతే రెండో వారానికే ఫ్లాప్ అని రాసేసేవాళ్లు. సోఫీ ఎల్లిస్ బెక్స్‌టర్ 2001 పాట 'మర్డర్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్' ఒక సినిమా పుణ్యమా అని 2024 జనవరిలో బ్రిటన్‌లో మళ్లీ 2వ స్థానానికి వచ్చింది, అమెరికా హాట్ 100 చార్టులోకి మొదటిసారి అప్పుడే అడుగుపెట్టింది. పాట మారలేదు, ఒక్క స్వరం కూడా.

కొత్త సింగిల్ పాత ట్యూన్‌ని వాడుకుంటే వెంటనే 'సరుకు అయిపోయింది' అనడం ఇంకో తొందరపాటు. వాడుకోవడం తప్పు కాదు, సోమరిగా వాడుకోవడం తప్పు. మడోనా 2005లో 'హంగ్ అప్' కోసం అబ్బా బృందం పాటలోని సింథ్ ముక్కని అడిగి తెచ్చుకుంది, అంత తేలిగ్గా అనుమతి ఇచ్చేవాళ్లు కాదు వాళ్లు. తెచ్చుకున్నాక దాన్ని అలంకారంగా పక్కన పెట్టలేదు. గడియారం టిక్ టిక్ శబ్దంతో మొదలుపెట్టి, ఆ ముక్కని కాసేపు దూరం నుంచి, మసకగా వినిపించి, బీట్ పూర్తిగా తెరుచుకున్నాక ముందుకి తెచ్చింది. ఎదురుచూడడం గురించిన పాటలో వినేవాళ్లని కూడా ఎదురుచూసేలా చేసింది. బియాన్సే 2022లో 'బ్రేక్ మై సోల్'లో తొంభైలనాటి రాబిన్ ఎస్ పాట 'షో మీ లవ్' ఛాయని, కోర్గ్ ఎం1 కీబోర్డు ఆర్గాన్‌తో పేరుపడ్డ ఆ బేస్ శబ్దాన్ని గుర్తుకు తెచ్చింది. అంత గొప్ప గొంతు ఉండి, చరణాల్లో దాన్ని కిందకి దించి మాట్లాడుతున్నట్టు పాడింది. హౌస్ సంగీతంలో డాన్స్ ఫ్లోర్ మీద ఉన్నవాళ్లతో మాట్లాడాలి కాబట్టి. ఇలా ఆ అప్పుతో ఏదైనా కట్టారా లేదా అని చూడాలి. పాత హుక్‌ని ఎత్తి కోరస్‌లో పెట్టేసి, దాని చుట్టూ రెండు నీరసమైన చరణాలు అల్లిన పాటలు ఇప్పుడు వారానికొకటి వస్తున్నాయి, వాటిని మొహమాటం లేకుండా తిప్పికొట్టాల్సిందే.

ఆటోట్యూన్ గొడవ కూడా ఇలాంటిదే. చమురు నిల్వల కోసం భూమి లోపలి తరంగాలు చదివే పని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ ఆ సాఫ్ట్‌వేర్ కనిపెట్టాడు, 1997లో మార్కెట్లోకి వచ్చింది. శ్రుతి తప్పితే ఎవరికీ తెలియకుండా సరిచేయడానికి తెచ్చారు దాన్ని. గాయని షేర్ 1998 పాట 'బిలీవ్'లో దాన్ని అందరికీ తెలిసేలా వాడారు, స్వరం ఒకదాని నుంచి ఇంకోదానికి జారకుండా మెట్టు మీంచి మెట్టుకి దూకేలా సెట్ చేశారు. చరణాల్లో గొంతు అలా యంత్రంలా విరుగుతుంది. కోరస్‌కి వచ్చేసరికి అదే మనిషి నిండు గొంతుతో బయటికొస్తుంది. విడిపోయిన బాధలోంచి తేరుకోవడం ఆ తేడాలోనే ఉంది. వాడారా లేదా అని కాదు, ఎక్కడ వాడారు, ఎక్కడ తీసేశారు అన్నది వినాలి.

అప్పుడు షేర్ వయసు 52. 'హంగ్ అప్' నాటికి మడోనాకి 47. 2023 మేలో 'పాడమ్ పాడమ్' వచ్చిన నెలలోనే కైలీకి 55 నిండాయి, గ్రామీలో పాప్ డాన్స్ కోసం కొత్తగా పెట్టిన అవార్డు మొట్టమొదట దానికే వచ్చింది. అయినా గాయని సింగిల్ వచ్చిన ప్రతిసారీ వయసు, డ్రెస్సు, వీడియోలో ఎలా కనపడింది, ఎవరితో విడిపోయి రాసింది అన్నవి తీర్పులోకి దూరిపోతాయి. వీటికి తోడు, పాట బాగుంటే ప్రొడ్యూసర్ గొప్ప, బాగోకపోతే ఆమె పని అయిపోయింది అనే లెక్క ఒకటి. ఇది పచ్చి అన్యాయం, పైగా వాస్తవం కూడా కాదు. రాబిన్ తన మాట చెల్లాలని 2005లో సొంత లేబుల్ పెట్టుకుంది. కైలీ 2001 పాట రాసిన ఇద్దరిలో ఒకరైన కాథీ డెన్నిస్ స్వయంగా గాయని, అందుకే ఆ మాటలు నోటికి అంత హాయిగా తిరుగుతాయి. క్రెడిట్స్ చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎవరు రాశారు, ఎవరు కలిపారు అని తెలిశాక వింటే, ఆమె ఏది ఎంచుకుంది, ఏది వద్దనుకుంది అన్నది ఇంకా స్పష్టంగా వినపడుతుంది.

గొంతుకీ బీట్‌కీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని అన్నిటికంటే బాగా చూపించే పాట బహుశా 'మిస్సింగ్'. ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్ అనే ఇద్దరి బృందం 1994లో దాన్ని మెత్తగా, గిటార్ మీద నడిచే పాటగా వదిలింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. న్యూయార్క్ డీజే టాడ్ టెర్రీ దాన్ని రీమిక్స్ చేస్తూ ట్రేసీ థార్న్ గొంతుని అలాగే ఉంచి కింద హౌస్ బీట్ పెట్టాడు. ఆ గొంతు లోతైనది, ప్రశాంతమైనది, ఒక్కసారి కూడా పైకి లేవదు. అవే మాటలు, అదే ఊపిరి. కానీ మొదటి రూపంలో ఆ పాట కిటికీ దగ్గర కూర్చుని ఎవరినో తలుచుకుంటున్నట్టు ఉంటుంది. రీమిక్స్‌లో ఆ మనిషి లేచి వాళ్లని వెతుక్కుంటూ రాత్రంతా నడుస్తున్నట్టు ఉంటుంది, ఆ కిక్ డ్రమ్ అడుగుల చప్పుడు అన్నట్టు. 1996లో అది అమెరికాలో 2వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది ఆ ఇద్దరూ తెచ్చిన ఆల్బమ్‌లో గిటార్లు వెనక్కి తగ్గాయి, ట్రేసీ థార్న్ అదే ప్రశాంతమైన గొంతుతో డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ బీట్ల మీద పాడింది.